డమ్మీ మన చేతిలోంచి వెళ్ళకూడదు: రిమోట్ లాంచర్‌తో ఒక లాబ్రడార్ కేసు

ఫెర్న్ నల్ల లాబ్రడార్. నా దగ్గరికి వచ్చేసరికి ఇంకా రెండేళ్ళు నిండని ఆడకుక్క. పని కోసమే పెంచిన వంశం కాబట్టి సన్నగా, చురుగ్గా ఉంటుంది. ఏ వస్తువైనా పంటి గాటు పడకుండా తెచ్చి చేతికిస్తుంది. యజమానురాలు రిటైరైన టీచరు. ఇంగ్లండ్‌లోని నార్త్ యార్క్‌షైర్‌లో, చుట్టూ గోధుమ, బార్లీ పొలాలున్న చిన్న ఊళ్ళో ఒక్కరే ఉంటారు. నేను అదే ప్రాంతంలో గన్‌డాగ్స్‌కి, అంటే తుపాకీ వేటలో సాయపడే కుక్కలకి, ట్రైనింగ్ ఇస్తుంటాను.

ఆవిడ చెప్పిన సమస్యలు రెండు. దూరంగా పడ్డ డమ్మీ (పక్షికి బదులు విసిరే గుడ్డ మూట) కోసం పంపితే కుక్క సగం దారిలోనే ఆగి వెతుకులాట మొదలుపెడుతుంది, దొరక్కపోతే తలెత్తి వెనక్కి చూస్తుంది. రెండోది, తన వంతు కోసం కూర్చున్నప్పుడు కుయ్ కుయ్ మంటుంది.

ఈ పనితో పరిచయం లేనివాళ్ళకు రెండోది చిన్న విషయంలా అనిపించొచ్చు. కానీ కాదు. ఇక్కడి వేటలో మనుషులు పొదల్లోంచి ఫెజెంట్లను (కోడి జాతి అడవి పక్షులను) లేపి, వరసగా నిలబడ్డ తుపాకుల మీదుగా ఎగిరేలా తోలుతారు. రిట్రీవర్ (పడినదాన్ని తెచ్చిచ్చే) కుక్క కదలకుండా, నోరు విప్పకుండా కూర్చుని ఏ పక్షి ఎక్కడ పడిందో చూసి గుర్తుంచుకోవాలి. పంపినప్పుడు నేరుగా అక్కడికెళ్ళి, పక్షిని నలగ్గొట్టకుండా తెచ్చి చేతికివ్వాలి. పడిన చోటును చూసి గుర్తుపెట్టుకోవడాన్నే మార్కింగ్ అంటాం. ఇక్కడి కుక్కల సంస్థ కెన్నెల్ క్లబ్ కింద నిజమైన వేటలో జరిగే పోటీలైన ఫీల్డ్ ట్రయల్స్‌లో కుక్క కుయ్‌మన్నా, మొరిగినా జడ్జి అక్కడికక్కడే పోటీ నుంచి తీసేస్తాడు. పంపకముందే పరుగెత్తినా అంతే. వేసవిలో జరిగే వర్కింగ్ టెస్టుల్లో పక్షులుండవు. అర కిలోకి కాస్త తక్కువ బరువుండే, అంటే ఒక పౌండు, గుడ్డ డమ్మీలతో ఇదే పని చేయిస్తారు. ఫెర్న్ అలాంటి టెస్టులోనే రెండు సమస్యలూ బయటపెట్టింది.

ముందుగా కళ్ళ పరీక్ష చేయించమన్నాను. లాబ్రడార్లలో రెటీనా క్రమంగా దెబ్బతినే పీఆర్ఏ అనే వంశపారంపర్య జబ్బు ఉంది. దానికి జన్యు పరీక్ష కూడా ఉంది. దూరం కనపడని కుక్కకు మార్కింగ్ నేర్పబోవడం దాన్ని హింసించడమే. ఫెర్న్ కళ్ళు శుభ్రంగా ఉన్నాయి. చెవులూ బాగున్నాయి.

మొదటి రోజు నేనేమీ చెప్పలేదు. ఇంట్లో రోజూ ఎలా చేయిస్తారో అలాగే చేయించమని అడిగి, పక్కన నిలబడి ఫోన్లో వీడియో తీశాను. ఆవిడ దగ్గర చేత్తో పట్టుకునే డమ్మీ లాంచర్ ఉంది. లోహపు పిడికి ఒక గొట్టం, ఆ గొట్టానికి తొడిగే బోలు డమ్మీ, లోపల పాయింట్ 22 బ్లాంక్ (గుండు లేని, చప్పుడు మాత్రమే చేసే) తూటా. వెనకనున్న మీట లాగి వదిలితే తూటా పేలి, ఆ గ్యాస్ ఒత్తిడికి డమ్మీ డెబ్భై ఎనభై మీటర్లు పోతుంది. చేతికి గట్టిగానే తన్నుతుంది. ఒంటరిగా ట్రైనింగ్ చేసేవాళ్ళకు దూరపు రిట్రీవ్ చేయించడానికి ఇది చవకైన సాధనం. అందుకే చాలామంది కొంటారు.

వీడియోను నెమ్మదిగా నడిపి చూస్తే విషయం మొత్తం అందులోనే ఉంది. ఆవిడ సంచిలోంచి లాంచర్ తీసినప్పటి నుంచే ఫెర్న్ చూపు ఆవిడ చేతుల మీద ఉంది. తూటా పెడుతుంటే చెవులు లేచాయి, ముందు కాళ్ళు మారాయి, కుయ్ అనడం మొదలైంది. ఢామ్మని పేలగానే తల చటుక్కున లాంచర్ వైపు తిరిగింది, కళ్ళు మూసుకుంది, మళ్ళీ తెరిచి ముందుకు తిరిగింది. అప్పటికి డమ్మీ ఆకాశంలో ఎత్తుకు పోయి కిందికి దిగుతోంది. కుక్క చూసింది చివరి ముక్క మాత్రమే. ఆ తర్వాత వినపడ్డ దబ్ మన్న చప్పుడును బట్టి దిక్కు పట్టుకుంది. పేరు పెట్టి పంపగానే బాణంలా వెళ్ళి, సరిగ్గా ముప్ఫై మీటర్ల దగ్గర ముక్కు కిందపెట్టి గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది.

ముప్ఫై మీటర్లే ఎందుకు? పిల్లప్పటి నుంచి పెరట్లో ఆవిడ చేత్తో విసిరిన డమ్మీలన్నీ ఆ దూరంలోనే పడ్డాయి. ఆ దూరం దాని కాళ్ళకు అలవాటైపోయింది. దానికంటే దూరంగా డమ్మీ ఉంటే ఏం జరిగేదో కూడా ఆ రోజే కనపడింది. కుక్క ఆగి వెనక్కి చూస్తే ఆవిడ రెండడుగులు ముందుకేసి చెయ్యి ఊపి దారి చూపించారు. అంటే ఆగి వెనక్కి చూడటమే ఫెర్న్ నేర్చుకున్న పాఠం. సాయం దానికే వస్తోంది కదా.

ఆ తర్వాత ఒక చిన్న పరీక్ష పెట్టాను. నా స్నేహితుణ్ణి అరవై మీటర్ల దూరంలో పక్కకు నిలబెట్టి, హేయ్ అని కేకేసి డమ్మీని అడ్డంగా విసరమన్నాను. యజమానురాలి చేతుల్లో ఏమీ లేదు. ఫెర్న్ చూపు నేరుగా ముందుకే ఉంది. డమ్మీ ఎక్కడం, దిగడం మొత్తం తల తిప్పుతూ చూసింది. పంపగానే ఆగకుండా వెళ్ళి ఎత్తుకొచ్చింది. మధ్యలో ఒక్కసారి కూడా కుయ్ అనలేదు.

రోగ నిర్ధారణ అక్కడితో అయిపోయింది. కుక్కకు మార్కింగ్ చేతకాక కాదు. డమ్మీ యజమాని చేతిలోంచి వెళ్ళడమే దాని జబ్బు. చేతిలోంచి వెళ్ళే డమ్మీ కుక్క చూపును చేతికి కట్టిపడేస్తుంది. చెయ్యి కదిలిన ప్రతిసారీ ఇంకాసేపట్లో నేను పరుగెత్తుతాను అన్న ఆత్రం పెరుగుతుంది, ఆ ఆత్రమే కుయ్‌మనడమై బయటికొస్తుంది. నిజమైన వేటలో పక్షి యజమాని చేతిలోంచి ఎగరదు. ఎటు నుంచో వస్తుంది, అడ్డంగా పోతుంది, ఎప్పుడొస్తుందో యజమానికీ తెలియదు. ట్రైనింగ్‌లో కూడా అలాగే ఉండాలి. రిమోట్ లాంచర్, అంటే దూరంగా పెట్టి బటన్‌తో డమ్మీ విసిరించే మిషన్, చేసే అసలు మేలు ఇదే. దూరం విసరడం దాని గొప్ప కాదు. విసిరే చోటును, విసిరే క్షణాన్ని యజమాని నుంచి విడదీయడం దాని గొప్ప.

మనూళ్ళల్లో లాబ్ ఉన్నవాళ్ళకు ఇక్కడే ఒక మాట. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం, కాబట్టి ఈ పనికి అక్కడ వేటతో సంబంధం లేదు. కానీ హైదరాబాద్ ఫ్లాట్లో, విజయవాడ మేడ మీద పెరిగే లాబ్రడార్‌లోనూ ఉన్నది ఇదే బుర్ర. బంతి ఎప్పుడూ మీరే విసురుతుంటే అది మీ చేతినే చూస్తూ అల్లరి చేస్తుంది. తెల్లవారుజామున, ఎండ ఎక్కకముందు, ఒక గుడ్డ మూటను ఇంట్లో ఇంకొకరి చేత దూరం నుంచి అడ్డంగా విసిరించి చూడండి. కుక్కను మీరు పట్టుకుని కూర్చోండి. మిషన్ అక్కర్లేదు, ఖర్చు లేదు, తేడా మాత్రం ఆ పూటే తెలుస్తుంది.

ఫెర్న్ విషయంలో రోజూ విసిరేవాళ్ళు దొరకరు కాబట్టి మిషన్ అవసరమైంది. రిమోట్ లాంచర్లు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి బ్లాంక్ తూటాతో పేలేది. అమెరికాలో వాడే బంపర్ బాయ్ లాంటివి ఒకే స్టాండు మీద ఒకటికి మించి డమ్మీలు పెట్టి, ఒక్కోదాన్ని ఒక్కో బటన్‌తో పేల్చేలా ఉంటాయి. రెండోది సాగే రబ్బరు గొట్టాలతో పనిచేసేది. జింగర్ వింగర్ ఆ రకంలో పేరున్నది. మడత స్టాండు, మధ్యలో ఒక సంచి, రెండు పక్కలా రబ్బరు. మన ఉండేలు లాంటిదే, ఆకారం పెద్దది. రబ్బరును వెనక్కి లాగి గొళ్ళెం తగిలిస్తే, రిమోట్ నొక్కినప్పుడు రిసీవర్‌లోని చిన్న మోటారు ఆ గొళ్ళాన్ని వదిలేస్తుంది.

నేను రబ్బరు రకమే ఎంచుకున్నాను, రెండు కారణాలతో. ఒకటి, అది నిశ్శబ్దంగా విసురుతుంది. ఫెర్న్ చెవి పక్కన పేలుడుకు కళ్ళు మూసుకుంటోంది. అది తుపాకీ భయం కాదు గానీ, అలాగే వదిలేస్తే భయంగా మారే అవకాశం ఉంది. చప్పుడును తర్వాత, దూరం నుంచి, నా చేతిలో ఉన్న కొలతతో కలపొచ్చు. రెండోది, తూటా లాంచర్‌కి లోపల లోహపు గొట్టం ఉన్న గట్టి డమ్మీ కావాలి. కుక్కలు దాన్ని నోట్లో సరిగ్గా ఇముడ్చుకోలేక చివర్లు పట్టుకుని ఈడ్చుకొస్తాయి. ఫెర్న్‌కి ఉన్న మెత్తటి నోరు దేవుడిచ్చిన వరం, దాన్ని పాడుచేయడం నాకిష్టం లేదు. రబ్బరు లాంచర్ మామూలు గుడ్డ డమ్మీనే విసురుతుంది.

రిమోట్ అనగానే షాక్ కాలర్ (కుక్క మెడకు కట్టి కరెంటు షాకిచ్చే పట్టీ) గుర్తొచ్చి కొందరు కంగారు పడతారు. అమెరికా సెట్లలో కొన్నింటికి కాలర్‌కీ లాంచర్‌కీ ఒకే రిమోట్ ఉంటుంది, అందుకే ఈ గందరగోళం. నేను షాక్ కాలర్ వాడను. వేల్స్‌లో అది 2010 నుంచి చట్టవిరుద్ధం కూడా. ఈ కేసులో రిమోట్ పలికింది మిషన్‌తో మాత్రమే.

పని ఏప్రిల్లో మొదలైంది. మార్చి 1 నుంచి జులై 31 దాకా ఇక్కడ నేల మీద గూళ్ళు పెట్టే పక్షుల కాలం. ప్రజలకు తెరిచి ఉంచిన మూర్ భూముల్లో (పొదలు పెరిగే బీడు నేలల్లో) ఆ రోజుల్లో కుక్కను రెండు మీటర్లకు మించని పట్టీతోనే నడిపించాలని చట్టం. ల్యాప్‌వింగ్ లాంటి పక్షి గుడ్ల మీద కుక్కను పరుగెత్తించి ఏ ట్రైనింగ్ సాధించినా అది తప్పే. అందుకని గొర్రెలు మేసి నున్నగా చేసిన, ఆ సమయానికి గొర్రెలు లేని ఒక పచ్చిక బయలు రైతును అడిగి వాడుకున్నాం.

లాంచర్‌ని నలభై మీటర్లలో పెట్టి, డమ్మీ అడ్డంగా పడేలా తిప్పాను. కుక్కను తీసుకొచ్చే ముందు, అది కూర్చోబోయే చోట నేను మోకాళ్ళ మీద కూర్చుని ఒకసారి నొక్కి చూశాను. ఈ పని ప్రతి ట్రైనరూ ప్రతిసారీ చెయ్యాలని నా పట్టుదల. నిలబడి చూస్తే తెల్ల డమ్మీ చక్కగా కనపడింది. కుక్క కళ్ళ ఎత్తు నుంచి చూస్తే అది సగం దారిలోనే వెనకనున్న నల్లటి చెట్ల గుంపులో కలిసిపోయింది. నలుపు తెలుపు చారల డమ్మీతో చూసినా అంతే. పడేది అసలు కనపడలేదు, అక్కడ నేల కాస్త పల్లంగా ఉంది. లాంచర్‌ని పాతిక అడుగులు పక్కకు జరిపితే డమ్మీ దారి మొత్తం ఆకాశం మీదికి వచ్చింది. కుక్కకు మొదట్లో డమ్మీ ఆకాశం మీదే కనపడాలి. చెట్ల మీద చూడటం తర్వాతి పాఠం. రంగు విషయం కూడా చెప్పాలి. కుక్క కంటికి నీలం, పసుపు తేడా తెలుస్తుంది గానీ ఎరుపు, పచ్చ సరిగ్గా వేరుగా తెలియవు. గడ్డిలో నారింజ రంగు డమ్మీ మనకు మెరిసిపోతుంది, కుక్కకు అది గడ్డిలో గడ్డే.

తర్వాత అన్నిటికంటే ముఖ్యమైన ఏర్పాటు. రిమోట్ యజమానురాలి చేతికివ్వలేదు. నేను పట్టుకుని వాళ్ళకు ఇరవై అడుగుల వెనక నిలబడ్డాను. కారణం ఆవిడకు వీడియోలో చూపించాను. లాంచర్ మీట లాగబోయే ముందు ఆవిడ ఊపిరి బిగబడతారు, కుడి భుజం కొంచెం లేస్తుంది. మనకు తెలియని ఈ చిన్న సైగలను కుక్క పుస్తకం చదివినట్టు చదువుతుంది. రిమోట్ ఆవిడ జేబులో ఉంటే డమ్మీ లేచే చోటు దూరమవుతుంది గానీ ఆ సైగ అక్కడే ఉంటుంది. డమ్మీ ఎప్పుడు లేస్తుందో ఆవిడకే తెలియకపోతే, కుక్కకు ఆవిడలో చదవడానికి ఏమీ దొరకదు. అప్పుడు అది ఎక్కడ చూడాలి? ముందుకు. మొదటి రోజు ఫెర్న్ చాలాసేపు ఆవిడ చేతులనే చూసింది, అవి ఖాళీగా ఉన్నాయి. చివరికి విసుగొచ్చి పొలం వైపు తల తిప్పింది. ఆ క్షణంలో నొక్కాను.

మొదటి వారాలు మొత్తం ఇదే. చూపు ముందుకుంటే, నోరు మూసి ఉంటే డమ్మీ లేస్తుంది. కుయ్ అంటే ఏమీ జరగదు. అరవడం లేదు, పట్టీ గుంజడం లేదు, మిషన్ అలా నిలబడి ఉంటుంది అంతే. నొక్కకపోవడమే ఇక్కడ మన చేతిలో ఉన్న గొప్ప ఆయుధం. మనిషి విసిరేవాడైతే ఓపిక పట్టలేక విసిరేస్తాడు, పైగా కుక్క మొహం అంత దూరం నుంచి వాడికి కనపడదు. లేచిన ప్రతి డమ్మీకీ కుక్కను పంపలేదు కూడా. ఎక్కువ వాటిని ఆవిడే నడుచుకుంటూ వెళ్ళి ఏరుకొచ్చారు, ఫెర్న్ కూర్చుని చూసింది. కొన్ని నా ముసలి కుక్క తెచ్చింది. లేచిందంటే నాదే అనుకునే కుక్కకు, లేచినా నాది కాకపోవచ్చు అని తెలియాలి.

ముప్ఫై మీటర్ల జబ్బుకు మందు వేరు. లాంచర్‌నీ, డమ్మీ పడే చోటునూ కదపకుండా, కుక్కతో మనం వెనక్కి జరగడం. నలభై నుంచి అరవై, అరవై నుంచి తొంభై. తెచ్చిన చోటే కాబట్టి నమ్మకం ఉంటుంది, నమ్మకంతో దూరం పెరుగుతుంది. కుక్క ఆగి వెనక్కి చూస్తే ఆవిడ విగ్రహంలా నిలబడాలి. చెయ్యి ఊపకూడదు, మాట్లాడకూడదు. ఆవిడకు ఇదే కష్టమైంది. కుక్క దిక్కుతోచక చూస్తుంటే సాయం చేయకుండా ఉండటం ప్రేమ ఉన్నవాళ్ళకు కష్టమే. కానీ ఫెర్న్ ఆ చూపు వల్ల లాభం లేదని తెలుసుకుని తనంతట తానే ముందుకు కదిలినప్పుడు ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకూ సంతోషంగానే ఉంది.

గాలి సంగతి కొత్తవాళ్ళు పట్టించుకోరు. నేను ఫెర్న్‌ను గాలివాటంగా పంపాను, అంటే గాలి దాని వీపు మీద ఉండేలా. ఎదురుగాలిలో పంపితే డమ్మీ వాసన ముందే తగిలి ముక్కు కిందపెట్టేస్తుంది, సగంలో ఆగే కుక్కకు అది చెడ్డ అలవాటును బలపరుస్తుంది. గాలి వెనక నుంచి వస్తుంటే డమ్మీని దాటితే గానీ వాసన రాదు, కాబట్టి కళ్ళతో చూసిన దూరం పూర్తిగా పరుగెత్తక తప్పదు. దాటాక వాసన తగిలి గిర్రున వెనక్కి తిరుగుతుంది. ఆ తిరుగుడు చూడటానికే నేను ఈ పనిలో ఉన్నానేమో అనిపిస్తుంది.

జూన్‌లో వెనకడుగు పడింది. ఉత్సాహంతో ఆవిడ సొంతంగా ఒక లాంచర్ కొని, ఇంటి వెనక పొలంలో రోజూ ఒకే మూలన పెట్టి చేయించారు. ఫెర్న్ డమ్మీ వైపు కాకుండా మిషన్ దగ్గరికి పరుగెత్తడం మొదలుపెట్టింది. ఇది రిమోట్ లాంచర్లతో వచ్చే సర్వసాధారణమైన జబ్బు. డమ్మీలు ఈ పెట్టెలోంచి పుడతాయి, పెట్టె దగ్గరికి పోతే చాలు అని కుక్క లెక్క వేసుకుంటుంది. ఇంకో లక్షణం కూడా కనపడింది. గొళ్ళెం వదిలే ముందు మోటారు చేసే చిన్న టిక్ చప్పుడు మనకు వినపడదు, కుక్కకు వినపడుతుంది. ఆ టిక్‌కే ఫెర్న్ లేచి నిలబడుతోంది.

దీనికి మిషన్‌కున్న మహిమ పోగొట్టడమే దారి. పొలంలో మూడు చోట్ల మూడు లాంచర్లు కనపడేలా పెట్టాం, డమ్మీ ఉన్నది ఒక్కదాంట్లోనే. కొన్నిసార్లు కనపడేవన్నీ ఖాళీ, విసిరేది కంచె చాటున దాచిన నాలుగోది. హాథార్న్ పొదల పైనుంచి డమ్మీ ఊడిపడితే దానికి పెట్టె కనపడదు, పడిన చోటే కనపడుతుంది. ప్రతి రిట్రీవ్ తర్వాత లాంచర్ చోటు మార్చాం. డమ్మీని మిషన్ నుంచి గాలి పోయే దిక్కుకే విసిరించాం. అలా చేస్తే మిషన్ దగ్గర నిలబడ్డ కుక్కకు డమ్మీ వాసన రాదు, అక్కడికి పోయినందుకు దక్కేది సున్నా. టిక్ కోసం ఖాళీ మిషన్‌ని చాలాసార్లు వదిలాను. టిక్ అంటుంది, ఏమీ లేవదు. మళ్ళీ టిక్, మళ్ళీ ఏమీ లేదు. కొన్ని రోజులకు ఫెర్న్ ఆ చప్పుడుకు చెవి కూడా తిప్పడం మానేసింది.

జులై రెండో సగంలో వింటర్ బార్లీ కోతలయ్యాక మాకు కొయ్యకాళ్ళ పొలం దొరికింది. మార్కింగ్‌కి ఇంతకు మించిన బడి లేదు. దూరం నుంచి చూస్తే అంతా ఒకేలా, ఆనవాలు పట్టుకోవడానికి చెట్టు లేదు, గట్టు లేదు. కొయ్యలు జానెడు ఎత్తే గానీ పడ్డ డమ్మీ మాయమైపోతుంది. ఇక్కడే నూట ఇరవై మీటర్ల దాకా వెళ్ళాం. డమ్మీని అడ్డంగా కాకుండా ఏటవాలుగా, కుక్కకు దూరంగా పోయేలా విసిరించడం కూడా ఇక్కడే. ఆ కోణంలో కుక్కలు లాంచర్ దరిదాపుల్లోనే వెతికి ఆగిపోతుంటాయి. ఫెర్న్ మొదట అలాగే చేసింది, తర్వాత దాటింది. రెండు లాంచర్లతో రెండు డమ్మీలు వేసి ఒకదాని తర్వాత ఒకటి తెప్పించడం అనుకున్నదానికంటే సులువుగా వచ్చింది, దాని గురించి చెప్పేంత ఏమీ లేదు.

చప్పుడును కలిపింది కూడా అప్పుడే. నా స్నేహితుడు లాంచర్‌కీ వెనకగా, కుక్కకు నూట యాభై మీటర్ల దూరంలో బ్లాంక్ పేల్చాడు, రెండు క్షణాలాగి నేను నొక్కాను. చప్పుడు వినపడ్డ వైపు చూస్తే ఏదో లేస్తుంది అని ఫెర్న్‌కి అర్థమైంది. వేటలో జరిగేది కూడా అదే. తర్వాత నెమ్మదిగా దగ్గరికి తెచ్చాం. ఎప్పుడూ కళ్ళు మూసుకోలేదు. చేతి లాంచర్ ఇక సంచిలోంచి బయటికి రాలేదు.

చివరగా స్టాప్ విజిల్. ఆవిడ మెడలో ఆక్మే 211½ విజిల్ ఉంటుంది. ఒక్క పొడుగు ఊతకు కుక్క ఎక్కడున్నా కూర్చోవాలి. విజిల్‌తో పాటు ఇంకోటి: ఫెర్న్ నోట్లో డమ్మీతో తిరిగొస్తుంటే పక్కన ఇంకో డమ్మీ లేపడం, అది నోట్లోది వదిలేసి దానికోసం పోతుందేమో చూడటం పెద్ద పరీక్ష. తెస్తున్న పక్షిని వదిలి ఇంకోదాన్ని పట్టడం కూడా ట్రయల్స్‌లో తీసేసే తప్పే. దీన్ని పునాది గట్టిపడ్డాకే చేయాలి. ఫెర్న్ ఒక్కసారి తల తిప్పింది, అడుగు తప్పలేదు.

జాగ్రత్తల గురించి గట్టిగా చెప్పాలి. లాగి తగిలించిన రబ్బరు లాంచర్ చేతి ఎముక విరిచేయగలదు. డమ్మీ పెట్టాక ముందు వైపుకు ఎవరూ పోకూడదు, సేఫ్టీ పిన్ను చివర్లో తీయాలి, రిమోట్ ఆ సమయానికి మెడలో కాకుండా ఆఫ్ చేసి కారులో ఉండాలి. రబ్బరు ఎండకు పగుళ్ళు తీస్తుంది, పగులు కనపడగానే మార్చేయాలి. తగిలించి గంటలు గంటలు వదిలేయకూడదు. కంచెలు, పల్లాలు అడ్డొస్తే రిమోట్ సిగ్నల్ డబ్బా మీద రాసినంత దూరం పోదు కాబట్టి కుక్కను దించే ముందే నొక్కి చూసుకోవాలి. పరుగెత్తే కుక్క మీద పడేలా డమ్మీ ఎప్పుడూ లేవకూడదు.

నవంబర్లో ఒక ఎస్టేటు వేటకు తీసుకెళ్ళాం. మార్కింగ్ గురించి ఆ రోజు నాకు టెన్షన్ లేదు. గుండు తగిలిన ఒక ఫెజెంట్ పుంజు తుపాకుల వరసను దాటి, చాలా దూరం సాగిపోయి, బీట్ దుంపల చేను అవతలి అంచున పడింది. మనుషుల్లో ఎవరూ పడటం చూడలేదు. ఫెర్న్ తల మాత్రం ఆ వైపే నిలిచిపోయింది. పంపితే ఆ చేనంతా ఆకుల్లో మునిగి తేలుతూ పోయి, ఆగకుండా, వెనక్కి చూడకుండా, పుంజుతో తిరిగొచ్చింది. ఆవిడ మాట్లాడలేకపోయారు.

కుయ్‌మనడం మాత్రం పూర్తిగా పోలేదు. మొదటి రెండు డ్రైవ్‌లలో, అంటే పక్షులను తోలిన విడతల్లో, నిశ్శబ్దంగా ఉంది. మూడోదాంట్లో పక్షులు ముంచుకొచ్చి చుట్టూ పడుతుంటే సన్నగా మొదలైంది. ఒకసారి పట్టుకున్న కుయ్ పూర్తిగా వదలదని ఈ పనిలో తలపండినవాళ్ళు అంటారు. ఫెర్న్ విషయంలో వాళ్ళ మాట సగం నిజమైంది. పొలంలో మిషన్‌తో వచ్చిన నిశ్శబ్దం చాలా వరకు నిలబడింది గానీ, నిజం పక్షులు పక్కనే పడుతున్నప్పుడు చాలలేదు. అందుకే ఫీల్డ్ ట్రయల్స్ ఆలోచన వదిలేయమని నిజాయితీగా చెప్పాను. ఆవిడ కొంచెం బాధపడ్డారు, ఒప్పుకున్నారు. ఇప్పుడు ఫెర్న్ పికింగ్-అప్ పని చేస్తోంది. తుపాకుల వరసకు రెండు వందల మీటర్లకు పైగా వెనక నిలబడి, అక్కడిదాకా వచ్చి పడే దెబ్బతిన్న పక్షులను వెతికి తేవడం. దూరపు మార్కింగ్ బాగా తెలిసిన, దగ్గరి హడావుడి తట్టుకోలేని కుక్కకు సరిగ్గా సరిపోయే ఉద్యోగం. దెబ్బతిన్న పక్షిని త్వరగా చేర్చి బాధ తగ్గించే పని కాబట్టి నా దృష్టిలో వేటలో అన్నిటికంటే విలువైనది కూడా అదే.

ఇంకా మిగిలినవి రెండున్నాయి. కుక్క వైపుకే ఏటవాలుగా పడే డమ్మీలకు ఫెర్న్ ఇప్పటికీ లాంచర్ దాకా దాటిపోయి వెనక్కొస్తోంది. నీళ్ళ అవతలి ఒడ్డున పడ్డవి సరిగ్గా మార్క్ చేయడం లేదు, ఈత మధ్యలో దారి తప్పుతోంది. ఫిబ్రవరి 1తో ఫెజెంట్ సీజన్ ముగిశాక కొన్ని వారాలు విశ్రాంతి, నీళ్ళు వెచ్చబడ్డాక చెరువు పని. లాంచర్‌ని అవతలి ఒడ్డున, కంచె చాటున పెడతాం. రిమోట్ నా దగ్గరే ఉంటుంది.